మ్యాప్‌లో గోధుమ రంగు అంటే ఖాళీ అని కాదు!

ఒక చిన్న పని చేయండి. ఫోన్‌లో మ్యాప్ ఓపెన్ చేసి, శాటిలైట్ వ్యూ పెట్టండి. జనగామ మీద వేలు పెట్టి మెల్లగా తూర్పుకి జరపండి. మొదట అంతా గోధుమ రంగు. మధ్యమధ్యలో బూడిద రంగు బండలు, నీళ్లున్న చెరువులు, చిన్న చిన్న పొలాల గళ్లు. మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చాక పచ్చ మచ్చలు మొదలవుతాయి. గూడూరు, కొత్తగూడ, గంగారం దగ్గరికి వెళ్లేసరికి ఆ మచ్చలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అక్కడి నుంచి ములుగు మీదుగా ఉత్తరానికి, భూపాలపల్లి దాటి గోదావరి ఒడ్డు దాకా వెళ్తే చిక్కటి ఆకుపచ్చ.

ఇప్పుడు నిజం చెప్పండి. ఈ మూడు జిల్లాల్లో 'ప్రకృతి' ఎక్కడుంది అని ఎవరైనా అడిగితే మీ వేలు ఎటు పోతుంది? తొంభై తొమ్మిది మందిది భూపాలపల్లి వైపే పోతుంది. మరి జనగామలో ఏముంది? 'ఏముంది బ్రో, బండలు, తుమ్మచెట్లు' అంటారు.

మాది జనగామ దగ్గర ఒక పల్లె. హైదరాబాద్‌లో ఉద్యోగం. ఈ మాట నాకు కొత్త కాదు. ఈ వారం మాట్లాడుకునేది సరిగ్గా దీని గురించే. అయితే అంతకంటే ముందు కొంచెం దూరం వెళ్లొద్దాం. ఆఫ్రికా దక్షిణ కొసలో ఉన్న ఒక చిన్న దేశానికి.

మన పాత వరంగల్ కంటే కాస్త పెద్ద దేశం

దాని పేరు ఎస్వాటీని. 2018 వరకు స్వాజిలాండ్ అనేవాళ్లు. మూడు వైపులా దక్షిణాఫ్రికా, ఇంకో వైపు మొజాంబిక్. విస్తీర్ణం 17,364 చదరపు కిలోమీటర్లు. మన పాత ఉమ్మడి వరంగల్ జిల్లా దాదాపు 12,800 ఉండేది. అంటే ఇంచుమించు జిల్లా సైజు దేశం. 2016 అక్టోబర్‌లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక, 2019లో ములుగు విడిపోయాక, ఇప్పుడున్న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ కలిపినా ఆ దేశంలో సగం కూడా కావు.

కానీ ఆ చిన్న దేశంలో పడమర నుంచి తూర్పుకి వెళ్తుంటే నాలుగు వేర్వేరు లోకాలు తగుల్తాయి. పడమర ఎత్తైన గడ్డి కొండలు. వాటిని హైవెల్డ్ అంటారు. తర్వాత మిడిల్‌వెల్డ్. ఆ తర్వాత వేడిగా, పొడిగా, ముళ్ల చెట్లతో ఉండే లోవెల్డ్. చివర్లో మొజాంబిక్ సరిహద్దు పొడుగునా లుబోంబో కొండలు. ఎత్తు మారితే వాన మారుతుంది, వాన మారితే మట్టి మీద గడ్డి మారుతుంది, గడ్డి మారితే దాన్ని తినేవి మారతాయి, వాటిని తినేవీ మారతాయి.

మన దగ్గర కూడా అంతే కదా! జనగామలో ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన. భూపాలపల్లి వైపు వెయ్యి దాటుతుంది. జనగామ కింద గ్రానైట్ బండ, పైన ఎర్ర చెల్క. భూపాలపల్లి కింద ఇసుకరాయి, దాని మధ్యలో బొగ్గు. బస్సులో మూడు నాలుగు గంటల దారిలో మనం కూడా ఒక లోకం నుంచి ఇంకో లోకంలోకి దిగుతున్నాం. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పడుకుంటాం కాబట్టి తెలియదు, అంతే.

ఒక నీలి పిట్ట కథ

ఎస్వాటీని హైవెల్డ్‌లో మలొలోజా అనే రక్షిత ప్రాంతం ఉంది. దాదాపు 180 చదరపు కిలోమీటర్లు. ఎక్కువ భాగం గడ్డి కొండలే. అక్కడికి వేసవిలో ఒక చిన్న వానకోవెల వస్తుంది. ఒళ్లంతా మెరిసే ముదురు నీలం. ఇంగ్లీషులో బ్లూ స్వాలో అంటారు. నేలలో ఉండే గోతుల్లో, పాత బొరియల పైకప్పుకి గూడు కట్టుకుంటుంది. దానికి కావలసినవి రెండే: విశాలమైన గడ్డి, ఆ గడ్డి మీద ఎగిరే పురుగులు.

ఈ పిట్ట ఇప్పుడు ప్రపంచవ్యాప్తంగా ముప్పులో ఉన్న పక్షుల జాబితాలో ఉంది. ఎందుకో తెలుసా? అడవులు నరికినందుకు కాదు. చెట్లు నాటినందుకు!

అవును, మీరు సరిగ్గానే చదివారు. దక్షిణాఫ్రికా, ఎస్వాటీనిలలో ఆ గడ్డి కొండల్ని చూసి 'ఇది ఖాళీ జాగా' అనుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఎస్వాటీనిలో ఉసుతు అనే చోట గడ్డి నేలల మీద వేల ఎకరాల్లో పైన్ చెట్లు నాటారు. మనుషులు నాటిన అడవుల్లో ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటిగా దానికి పేరు. గుజ్జు మిల్లు పెట్టారు, ఉద్యోగాలు వచ్చాయి. ఆ లాభం నిజమే, కాదనలేం. కానీ పైన్ చెట్ల కింద గడ్డి మొలవదు. గడ్డి లేకపోతే పురుగుల్లేవు. వానకోవెలకి ఆ పచ్చటి అడవి ఒక ఎడారి. 2010లో ఆ మిల్లు కూడా మూతపడింది. కొండల మీద ఒకసారి పోయిన సహజమైన గడ్డి మాత్రం మళ్లీ అంత తేలిగ్గా రాదు.

పై నుంచి ఫొటో తీస్తే పైన్ తోట గడ్డి కంటే 'పచ్చగా' కనిపిస్తుంది. సమస్య అక్కడే మొదలైంది.

మన నీలి పిట్ట

ఇప్పుడు ఇంటికి వద్దాం. మనకీ ఒక నీలి పిట్ట ఉంది. దసరా రోజు జమ్మికి మొక్కి, దాన్ని చూడటానికి ఊరి బయటికి వెళ్తాం. పాలపిట్ట. కూర్చుంటే మామూలు మట్టి రంగు, రెక్క విప్పితే మాత్రం నీలం మెరుపు.

2014 నవంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం నాలుగు రాష్ట్ర చిహ్నాలు ప్రకటించింది. పక్షి పాలపిట్ట. చెట్టు జమ్మి. పువ్వు తంగేడు. జంతువు జింక. ఒక్కసారి ఆగి ఆలోచించండి. వీటిలో మొదటి మూడు ఎక్కడివి? చిక్కటి అడవివి కావు. జమ్మి వాన తక్కువున్న నేలలో పెరిగే ముళ్ల చెట్టు. తంగేడు గుట్టల మీద, బంజరులో, బాట పక్కన పూస్తుంది. పాలపిట్ట కరెంటు తీగ మీద కూర్చుని, కింద బయలు నేలలో మిడతల కోసం, పేడపురుగుల కోసం కాపలా కాస్తుంది. ఎండిపోయిన తాటి మొద్దు తొర్రలోనో, పాత చెట్టు బోలులోనో గుడ్లు పెడుతుంది. అంటే మన రాష్ట్రం గుర్తుగా పెట్టుకున్న వాటిలో ఎక్కువ భాగం ఆ 'గోధుమ రంగు' నేల బిడ్డలే. జనగామ బిడ్డలే అన్నమాట.

బతుకమ్మ సంగతి చూడండి. గునుగు ఎక్కడ పూస్తుంది? చేన్లో, గట్ల మీద, పడావు పడ్డ భూమిలో. తంగేడు గుట్ట మీద. మా అమ్మ చిన్నప్పుడు గంపలకొద్దీ తెచ్చుకునేవాళ్లట. ఇప్పుడు మా ఊళ్లోనే గునుగు కట్టలు కొంటున్నారు. పత్తి చేలల్లో గడ్డిమందు కొట్టాక గునుగు ఎక్కడ మిగులుతుంది? మిగిలిన గుట్ట క్వారీ అయిపోతే తంగేడు ఎక్కడ మిగులుతుంది?

2023లో 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' అనే నివేదిక వచ్చింది. దేశంలో 942 రకాల పక్షుల పరిస్థితి లెక్క తీసింది. అందులో 30 శాతం, అంతకంటే ఎక్కువ తగ్గిపోయిన 14 రకాల్ని విడిగా చూపించి, ప్రపంచ స్థాయి ముప్పు జాబితాలో వీటి స్థానం మళ్లీ పరిశీలించాలని చెప్పింది. ఆ 14లో మన పాలపిట్ట ఒకటి. గడ్డి నేలలు, పొద నేలలు, బయలు నేలల్లో బతికే పక్షులు బాగా దెబ్బతింటున్నాయని కూడా ఆ నివేదిక చెప్పింది.

దసరా రోజు పాలపిట్ట కనిపించక, పంజరంలో పెట్టి తెచ్చినవాడికి డబ్బులిచ్చి చూసే ఊళ్లు కూడా ఉన్నాయి. పాలపిట్టను పట్టడం, పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కానీ చట్టం సంగతి పక్కన పెట్టండి, ఆ బొమ్మ ఒకసారి ఊహించుకోండి. స్వేచ్ఛగా ఎగిరితే శుభం అనుకున్న పిట్టని తీగల వెనక చూసి దండం పెట్టుకోవడం!

గుట్ట మీద ఏముంది?

జనగామ చుట్టూ గుట్టల్ని దూరం నుంచి చూస్తే బోడి బండలే. దగ్గరికి వెళ్లి ఒక గంట కూర్చోండి. బండ చీలికల్లో సీతాఫలం, రేగు, బలుసు, మోదుగ. బండ మీద గుంతల్లో వానాకాలం నాలుగు నెలలు నీళ్లు, వాటిలో కప్పలు. రాళ్ల సందుల్లో ఉడుము, తొండ, పాము. పొదల్లో కౌజు పిట్ట, నెమలి, కుందేలు. పరుపు బండ పక్కన బోడి నేల మీదే నాలుగు రాళ్ల మధ్య గుడ్లు పెట్టే తీతువు పిట్ట. దిగువన తాటి చెట్లకి వేలాడే గిజిగాడి గూళ్లు.

గుట్ట చేసే ఇంకో పని ఉంది. మీద పడ్డ వానని కిందికి వదుల్తుంది. ఆ నీళ్లు కుంటలోకి, కుంట నిండి చెరువులోకి, చెరువు మత్తడి దూకి వాగులోకి. కాకతీయుల కాలం నుంచీ మన ఇంజినీరింగ్ అంతా గుట్ట పై నుంచే మొదలవుతుంది. గుట్టని గ్రానైట్ పలకలుగా కోసి లారీ ఎక్కిస్తే పోయేది రాయి ఒక్కటే కాదు, చెరువు నెత్తి మీది కుండ కూడా.

మూడేళ్ల కింద నేను అప్పుడు పనిచేస్తున్న కంపెనీ సీఎస్‌ఆర్ కింద మొక్కలు నాటే కార్యక్రమం పెట్టింది. రెండు బస్సులు, టోపీలు, టీషర్టులు, సెల్ఫీలు. స్థలం మా జిల్లాలోనే ఒక గుట్ట కింద పోరంబోకు. కానుగ, కోనోకార్పస్ మొక్కలు తెచ్చారు. అక్కడ గొర్లు మేపుతున్న ఒక పెద్దాయన చాలాసేపు చూసి, తెలుగులో మాట్లాడేవాడు దొరికాడని నా దగ్గరికి వచ్చాడు.

'ఎంతమందొచ్చిండ్రు బిడ్డా?'

'ఎనభై మందిమి తాతా.'

'ఈడ బోద గడ్డి మంచిగ లేస్తది. వానకాలం నాలుగు నెలలు మా గొర్లకు ఇదే ఆధారం. మీరు గడ్డి చెక్కి గుంతలు తీస్తిరి. ఈ చెట్టు గొర్లు ముట్టయి. ఎండకాలం నీళ్లెవరు పోస్తరు?'

నీళ్లు ఎవరూ పోయలేదు. తర్వాతి ఉగాదికి ఊరెళ్లినప్పుడు చూశాను, ఎక్కువ మొక్కలు ఎండిపోయాయి. గుంతలు మాత్రం ఉన్నాయి. కంపెనీ రిపోర్టులో ఆ రోజు నాటిన మొక్కల సంఖ్య ఉంది. పోయిన గడ్డికి లెక్క లేదు, ఎందుకంటే ఆ ఎక్సెల్ షీట్‌లో గడ్డికి కాలమ్ లేదు.

కాలమ్ లేకపోవడమే బగ్

మనలో సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు. టీమ్‌కి ఏ నంబర్ టార్గెట్‌గా ఇస్తే ఆ నంబరే పెరుగుతుంది. 'టికెట్లు ఎన్ని మూసారు' అని కొలిస్తే టికెట్లు మూతపడతాయి. సమస్య తీరుతుందా అంటే అది వేరే విషయం.

ప్రకృతిని కొలిచేటప్పుడు కూడా మన దగ్గర ఇదే జరుగుతోంది. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా లెక్కలో, ఒక హెక్టారు మించిన నేల మీద చెట్ల నీడ 10 శాతం దాటితే అది అడవి విస్తీర్ణమే. ఆ చెట్లు ఏ రకం, ఎవరివి అన్నది అడగదు. నూరేళ్ల ఇప్ప, మద్ది, టేకు కలిసిన అడవి అయినా, వరసగా నాటిన నీలగిరి తోట అయినా ఆ లెక్కలో ఒకటే.

ఇంకోవైపు కేంద్ర భూవనరుల శాఖ, హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంతో కలిసి తెచ్చే 'వేస్ట్‌ల్యాండ్స్ అట్లాస్' ఉంది. అందులో పొదలున్న నేల, బండ నేల రెండూ 'వేస్ట్' కిందికే వస్తాయి. అంటే తంగేడు పూసే చోటు, పాలపిట్ట వేటాడే చోటు, గొర్ల కాపరి బతికే చోటు ప్రభుత్వ పుస్తకంలో పనికిరాని భూమి. పనికిరాదు అని ఒకసారి రాశాక దాన్ని 'పనికొచ్చేలా' చేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఒకరు తోట వేస్తారు, ఒకరు క్వారీ, ఒకరు వెంచర్.

2015లో మొదలైన హరితహారం లక్ష్యం రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 నుంచి 33 శాతానికి పెంచడం. రోడ్డు పక్కన, బడి ఆవరణలో, ఊరి మధ్యలో చెట్లు పెంచితే ఎవరు వద్దంటారు? మే నెలలో జనగామ బస్టాండ్‌లో నిలబడ్డవాడెవడూ చెట్టు వద్దనడు. నేను అడిగేది ఒక్కటే: గడ్డి ఉన్న చోట గడ్డినీ, పొద ఉన్న చోట పొదనీ ఉంచి, చెట్టు పోయిన చోట చెట్టుని పెట్టొచ్చు కదా?

మధ్యలో మానుకోట

ఇంజినీరింగ్‌లో నా రూమ్మేట్‌ది మహబూబాబాద్ జిల్లా గంగారం మండలం. కోయ కుటుంబం. వాడు నవ్వుతూ అనేవాడు, 'మ్యాప్‌ల మా ఊరు మంచిగ పచ్చగుంటది రా, సిగ్నల్ మాత్రం ఉండది' అని.

వాళ్ల ఊరికి ఒకసారి ఏప్రిల్‌లో వెళ్లాను. తెల్లారకముందే ఊరు ఖాళీ. అందరూ ఇప్పపువ్వు ఏరడానికి, తునికాకు కోయడానికి పోయారు. వాళ్ల పోడు చేను చూపించాడు. చేను మధ్యలో పెద్ద ఇప్ప చెట్లు అలాగే నిలబడి ఉన్నాయి. 'చేను కొట్టినప్పుడు ఇప్పని ఎవ్వరు కొట్టరు, తాతల కాలం నుంచి అంతే' అన్నాడు. చెట్టు కింద రాలిన పువ్వు ఇంటికి, రాత్రి గబ్బిలాలకి, తెల్లారి జింకలకి, ఎలుగుబంటికి. ఒక్క చెట్టు నాలుగు షిఫ్టుల్లో భోజనం పెడుతుంది.

ఇక్కడి కథ అడవా, పొలమా అని రెండు ముక్కలుగా చెప్పలేం. పాకాల అభయారణ్యం 1952లో ఏర్పడింది, దాదాపు 860 చదరపు కిలోమీటర్లు. దాని ఒక అంచు ఈ జిల్లాలోకి వస్తుంది. ఆ అంచులో కోయ గూడేలు, లంబాడా తండాలు, మిర్చి చేలు. 2006 అటవీ హక్కుల చట్టం ఆ మనుషుల హక్కుని ఒప్పుకుంది. 2023లో రాష్ట్రంలో 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు ఇచ్చారు. పట్టా వచ్చాక ఆ చేన్లలో ఇప్ప చెట్టు ఉంటుందా, పత్తి కోసం పోతుందా అన్నది ఇప్పుడు అసలు ప్రశ్న. దాన్ని కాపాడేది కంచె కాదు. ఇప్పపువ్వుకి, తునికాకుకి వచ్చే ధర.

నీళ్ల సంగతి కూడా ఇక్కడే అర్థమవుతుంది. పాకాల చెరువుని 13వ శతాబ్దంలో గణపతిదేవుడి కాలంలో కట్టారు. బయ్యారం చెరువుని ఆయన చెల్లెలు మైలాంబ తవ్వించింది. ఆ నీళ్లు మున్నేరు, ఆకేరు లాంటి వాగుల్లో కృష్ణకి పోతాయి. 2024 ఆగస్టు 31 రాత్రి, సెప్టెంబర్ 1న కుండపోత కురిసినప్పుడు ఆకేరు ఉగ్రరూపం మీరు వార్తల్లో చూసే ఉంటారు. కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. అదే ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో సుడిగాలికి దాదాపు 200 హెక్టార్లలో వేల చెట్లు కూకటివేళ్లతో పడిపోయాయి. అలాంటి వానని ఏ గుట్టా, ఏ చెరువూ పూర్తిగా ఆపలేవు. కానీ పైన గడ్డి, పొద, కుంట ఉంటే నీళ్లు నడిచి వస్తాయి. అవి పోతే పరిగెత్తి వస్తాయి.

అడవి కూడా గోధుమ రంగే!

ఇప్పుడు భూపాలపల్లి. మొదట్లో మీ వేలు పోయిన 'చిక్కటి ఆకుపచ్చ'. సెంటినెల్-2 అనే యూరప్ ఉపగ్రహాల ఫొటోలు ఎవరికైనా ఫ్రీ. 10 మీటర్ల స్పష్టతతో, దాదాపు 5 రోజులకోసారి కొత్తవి వస్తాయి. వాటితో పచ్చదనం ఎంతుందో లెక్కేసే ఎన్‌డీవీఐ అనే సూత్రం ఉంది. ఒక ఆదివారం సరదాగా భూపాలపల్లి అడవికి అక్టోబర్ ఫొటో, ఏప్రిల్ ఫొటో పక్కపక్కన పెట్టి చూశాను. అక్టోబర్‌లో పచ్చగా వెలిగిన అడవి ఏప్రిల్‌లో దాదాపు జనగామ రంగులోకి వచ్చేసింది!

ఏమీ కాలేదు, కంగారు పడకండి. ఇది ఆకురాల్చే అడవి. టేకు, తునికి, మోదుగ ఎండాకాలం ముందు ఆకులు దులిపేసుకుని నీళ్లు ఆదా చేసుకుంటాయి. మోదుగ ఆకులన్నీ పోయాకే కొమ్మల నిండా ఎర్రగా పూస్తుంది. రంగు చూసి అడవి చచ్చిందని ఎవరైనా అంటే ఎంత నవ్వొస్తుందో, రంగు చూసి గుట్ట ఖాళీ అన్నా అంతే నవ్వు రావాలి.

ఈ జిల్లాలో రేగొండ దగ్గర పాండవుల గుట్టలున్నాయి. ఆ రాతి గుహల గోడల మీద ఎప్పటివో ఎర్ర రంగు బొమ్మలు. అడవిదున్న, జింక, పులి, చిరుత. మలొలోజా దగ్గర న్సాంగ్విని అనే చోట కూడా శాన్ ప్రజలు వేసిన ఇలాంటి రాతి బొమ్మలున్నాయి. రెండు చోట్లా మనిషి రాసుకున్న మొదటి 'జీవవైవిధ్య రిజిస్టర్' అదే. గోడ మీద బొమ్మ ఇంకా ఉంది. బొమ్మలోని జంతువే పల్చబడింది.

గోదావరి అవతల మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి పులి అప్పుడప్పుడు ఇటు వస్తుంటుంది. అడుగు జాడ కనిపిస్తే వాట్సాప్ గ్రూపుల్లో రెండు రోజులు హడావిడి. కానీ అది నడిచే దారిలో ఏముంటుందో తెలుసా? అడవి పందుల కోసం, జింకల కోసం రహస్యంగా పరిచిన కరెంటు తీగలు. 2024 ఫిబ్రవరిలో కాటారం మండలం అడవిలో అలాంటి తీగ తగిలి గాలింపులో ఉన్న ఒక గ్రేహౌండ్స్ జవాను చనిపోయారు. తీగకి పంది ఎవరో, పులి ఎవరో, మనిషి ఎవరో తెలియదు.

ఇక బొగ్గు. సింగరేణి లేకుండా భూపాలపల్లి లేదు. చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం నుంచి వచ్చే కరెంటుతో కూడా మన ఫోన్లు చార్జ్ అవుతున్నాయి. నేను ఈ కాలమ్ టైప్ చేస్తున్నదీ దానితోనే కావచ్చు. కాబట్టి గని మూసేయండి అని సులువుగా అనలేను. గని అయిపోయాక ఏం మిగులుతుందన్నది మాత్రం అడగొచ్చు. ఓపెన్‌కాస్ట్ మట్టి గుట్టల మీద సింగరేణి మొక్కలు నాటుతోంది. అక్కడ ఒకే రకం చెట్టు వరసలుంటాయా, లేక అక్కడి తునికి, ఇప్ప, మోదుగ, గడ్డి తిరిగొస్తాయా? పచ్చదనం శాతం ఈ రెండిటికీ తేడా చూపించదు. మనమే చూడాలి.

సింహం లేని దేశంలో సింహం రాజు

ఎస్వాటీని రాజుని అక్కడ 'న్గ్వెన్యామ' అంటారు. అంటే సింహం. కానీ 20వ శతాబ్దం మధ్యకొచ్చేసరికి వేటతో ఆ దేశంలో పెద్ద జంతువులు దాదాపు ఖాళీ అయిపోయాయి. దేశంలో ఒక్క సింహం లేదు, రాజు పేరు మాత్రం సింహం! 1960ల్లో టెడ్ రైలీ అనే రైతు మ్లిల్వానేలో తన కుటుంబ వ్యవసాయ క్షేత్రాన్ని అభయారణ్యంగా మార్చాడు. తగరం గనుల తవ్వకాలతో గాయపడ్డ నేల అది. అప్పటి రాజు రెండో సోభూజా అండగా నిలిచాడు. రాజుల వేట నేల హ్లానే 1967లో రక్షిత ప్రాంతమైంది. 1990ల్లో సింహాలు అక్కడికి తిరిగొచ్చాయి.

మన పాలపిట్ట ఇంకా పోలేదు. అందుకే మన పని వాళ్లకంటే సులువు. గుర్తుగా పెట్టుకున్న ప్రాణి కళ్ల ముందు ఉండగానే దాని ఇల్లు కాపాడుకునే టైమ్ మనకింకా ఉంది.

ఏం చేయాలి? నేను ఎన్జీవో పెట్టమనడం లేదు. మూడు చిన్న పనులు.

ఒకటి, ఫోన్‌లో ఈబర్డ్, మెర్లిన్, ఐనాచురలిస్ట్ యాప్‌లలో ఏదో ఒకటి వేసుకోండి. ఊరెళ్లినప్పుడు పావుగంట చెరువు కట్ట మీద నిలబడి చూసినవి నమోదు చేయండి. పాలపిట్ట తగ్గిందని చెప్పిన ఆ నివేదిక 30 వేల మందికి పైగా మామూలు మనుషులు ఈబర్డ్‌లో ఇచ్చిన దాదాపు 3 కోట్ల నమోదుల మీద నిలబడింది. హైదరాబాద్ చెరువులకి చాలా మందే వెళ్తారు. జనగామ గుట్టలకి ఎవరెళ్తారు? మనమే.

రెండు, 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి ఊరికీ ఒక జీవవైవిధ్య కమిటీ, ఒక ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. మీ పంచాయతీ ఆఫీసుకెళ్లి 'అన్నా, మన ఊరి రిజిస్టర్ ఒకసారి చూపిస్తవా' అని అడగండి. ఉంటే చదవండి. పాత కాగితాల్లో పేర్లు తప్పితే ఏమీ లేకపోతే గొర్ల కాపరిని, గీత కార్మికుడిని, మీ నాయనమ్మని కూర్చోబెట్టి రాయించండి. గుట్ట మీద క్వారీకి అనుమతి అడిగిన రోజు 'ఇక్కడేమీ లేదు' అన్న మాటకి జవాబు ఆ పుస్తకమే.

మూడు, ఈసారి ఆఫీసులో మొక్కలు నాటే మెయిల్ వస్తే వెళ్లండి. కానీ బస్సెక్కే ముందు రెండు ప్రశ్నలు రిప్లైలో పెట్టండి. అక్కడ ఇప్పుడేం పెరుగుతోంది? రెండో ఎండాకాలం నీళ్లెవరు పోస్తారు?

వచ్చే దసరాకి జమ్మి ఆకు పంచుకున్నాక, పాలపిట్ట కోసం ఊరి బయటికి ఎటూ వెళ్తారు కదా. అది ఏ తీగ మీద కూర్చుందో అని పైకి చూసే ముందు, దాని కింద ఎలాంటి నేల ఉందో ఒకసారి చూడండి. గోధుమ రంగులో ఉంటుంది. గడ్డి ఉంటుంది, మిడతలుంటాయి, పక్కన తంగేడు ఉంటుంది. ఆ నేల ఉన్నన్నాళ్లే తీగ మీద పిట్ట ఉంటుంది.